టేపక్క మధ్యాహ్నం సంచి

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. అందుకే వీధంతా ఆమెను టేపక్క అంటుంది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగబట్టేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. "ఊపిరి వదలండి బాబూ. రేపు బొత్తాలు పట్టకపోతే నా మీద పడతారు" అని మొహం మీదే అనేస్తుంది.

అంతటి మనిషీ ఏం చేసిందో వినండి.

కిడ్నీలు చేతులెత్తేశాక టేపక్క తన కుట్టు కొట్టు వెనక గదిలోనే డయాలసిస్ చేసుకునేది. పొట్టకు అమర్చిన గొట్టం గుండా సంచిలోని మందునీళ్లు ఎక్కించుకోవాలి. కొన్ని గంటలయ్యాక వాటిని మలినాలతో సహా దించేసి, కొత్త సంచి ఎక్కించాలి. రోజుకు నాలుగు సంచులన్నాడు డాక్టరు. మధ్యాహ్నం సంచంటే మాత్రం ఆమెకు గిట్టేది కాదు. గిరాకీలను కూర్చోబెట్టి తలుపేసుకోవాలి, ఫ్యానాపాలి, చేతులు తోముకోవాలి. ఎవరికుంది అంత తీరిక? చాలా రోజులు పొద్దుటి నీళ్లనే సాయంత్రం దాకా మోసేది.

మోతాదు సరిపోతోందో లేదో తేల్చడానికి ఒక పగలూ రాత్రీ దిగిన నీళ్లన్నీ, మూత్రంతో సహా పట్టివ్వాలి. రక్తం కూడా తీస్తారు. ఆ ఒక్కరోజు టేపక్క బుద్ధిగా నాలుగు సంచులూ ఎక్కించుకుంది.

ఫలితం భేషుగ్గా వచ్చింది. మనిషే బాగాలేదు. ముద్ద మింగుడుపడదు, ఒళ్లంతా దురద.

"మోతాదు సరిగ్గానే అందుతోంది, అయినా మీ ఒంటికి చాలట్లేదమ్మా. ఆసుపత్రికొచ్చి మిషను మీద డయాలసిస్ చేయించుకోక తప్పదు" అన్నాడు డాక్టరు.

వారంలో సగం ఆసుపత్రిలోనే గడిస్తే కొట్టుకు తాళమే అనుకుంది టేపక్క.

పక్కనున్న చెల్లెలు మోచేత్తో పొడిచింది. "చెప్పక్కా. లేకపోతే నేనే చెప్తా."

టేపక్క సిగ్గుతో చచ్చిపోయింది. "మధ్యాహ్నం సంచి ఎగ్గొట్టేదాన్నండీ. మీరు కొలిచిన రోజు మాత్రం ఊపిరి బిగబట్టాను."

డాక్టరుకు అర్థం కాలేదు. పరీక్ష రోజు ఒక్కటే నాలుగు సంచులూ ఎక్కించుకుందని చెల్లెలు విడమరిచి చెప్పింది.

"నెల రోజులు నాలుగూ చేసి రండి, మళ్లీ కొలుద్దాం. అప్పటికీ తేరుకోకపోతే మిషనే" అన్నాడాయన.

ఇక టేపక్క పట్టు పట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి షట్టరు సగం దించేసేది.

"రేపే ఇంటర్వ్యూ అక్కా, కోటు..." అని గునిశాడొకడు.

"కోటు సాయంత్రమిస్తా. ఇది మాత్రం ఇప్పుడే" అని తలుపేసుకుంది. అలిగి పక్క కొట్టుకు పోయినవాళ్లూ ఉన్నారు. పోనీలే అనుకుంది, బాధపడుతూనే.

నెల తిరిగాక డాక్టరు రిపోర్టు చూశాడు. అంకె పోయినసారిదే. తలెత్తి మనిషిని చూశాడు. మొహంలో కళ వచ్చింది, దురద పోయింది, అన్నం రెండోసారి వడ్డించుకుంటోందని చెల్లెలు చెప్పింది.

"ఇంట్లోనే సాగించండమ్మా."

టేపక్క కళ్లు తుడుచుకుని గబగబా లేచింది. మధ్యాహ్నం సంచికి వేళవుతోంది.