రంగం లెక్కలో ఫోన్ నంబరు

మా అమ్మమ్మ, తాత రంగంలో పుట్టారు. రంగమంటే రంగూన్. మా వైపు అందరూ అలాగే అంటారు. నేను పుట్టకముందే అక్కడ బతకలేక ఓడెక్కి వచ్చేశారు. ఇంట్లో మాట తెలుగే కానీ, బడిలో చదివింది బర్మా భాష. అందుకే ఇన్నేళ్ళయినా తాతకి తెలుగు బోర్డు చదవడం రాలేదు. అమ్మమ్మ తిట్టడం తెలుగులో, దేవుడికి మొక్కడం తెలుగులో. బియ్యం డబ్బాతో కొలిచేటప్పుడు మాత్రం ఆవిడ పెదాల మీద బర్మా అంకెలు కదిలేవి. చిన్నప్పుడు ఏ భాషలో లెక్క నేర్చుకుంటామో చచ్చేదాకా అందులోనే లెక్కపెడతామని నాకు ఆవిణ్ణి చూశాకే తెలిసింది.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. విజయనగరంలో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో ఏ బండికి ఎంత బరువు, ఎన్ని కిలోమీటర్లు, ఎప్పటికి చేరుతుంది అన్నది చూసేదాన్ని. రాసిన ప్రతి అంకెనీ రెండుసార్లు సరిచూసే అలవాటు.

తాతకి ఎనభై దాటాక మరుపు మొదలైంది. సెల్‌ఫోన్ ఇస్తే ఎక్కడో పెట్టేసేవాడు. జేబులో చీటీ పెడితే చొక్కాతో పాటు తడిసిపోయేది. నా నంబరు కంఠతా వస్తే చాలనుకుని, ఆ పని అమ్మమ్మకి అప్పగించాను. నెల తిరిగేసరికి వచ్చేసిందని చెప్పింది. పది అంకెలూ తడుముకోకుండా చెబుతున్నాడంది. నేను సరిచూడలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఇద్దరూ కోటబొమ్మాళిలో పిన్ని ఇంటికి బయలుదేరారు. పొద్దున్న ఎనిమిదింటికి తాత రెండిడ్లీలు తిని షుగరు మాత్ర వేసుకున్నాడు. మళ్ళీ పన్నెండులోగా ఏదో ఒకటి తినాలి. లేకపోతే చేతులు వణికి, చెమట పట్టి పడిపోతాడు. అంతకు ముందు ఏడాది అలా పడిపోతే తలకి కుట్లు పడ్డాయి. దారిలో తినడానికి అమ్మమ్మ సంచిలో రొట్టెలు పెట్టాను. ఆర్టీసీ బస్సు కాంప్లెక్సులో దింపి, మూడో ప్లాట్‌ఫారం మీదికి బస్సు వస్తుందని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

పది దాటాక అమ్మమ్మ ఆటో దిగి ఒక్కర్తే ఆఫీసులోకి వచ్చింది. సంచి ఆవిడ చేతిలోనే ఉంది.

"మరుగుదొడ్డికెళ్ళొస్తాను, సీటు పట్టమన్నానే. వచ్చేసరికి మనిషీ లేడు, బస్సూ లేదు," అంది.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నేను మూడోది అన్నది పెద్ద గేటు వైపు నుంచి. తాత తను కూర్చున్న చివర నుంచి లెక్కపెట్టాడు. మూడో దాని మీద నిలబడ్డ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టాడు. ఎక్కి కూర్చోగానే బస్సు కదిలిపోయింది.

కాంప్లెక్సుకి పరిగెత్తాను. వాళ్ళు కూర్చున్న చివర నుంచి ఆ పావుగంటలో మూడు బస్సులు వెళ్ళాయని విచారణ కౌంటర్లో చెప్పారు. పాలకొండ, బొబ్బిలి, సాలూరు. ఏది ఎప్పటికి చేరుతుందో కాగితం మీద వేసుకున్నాను. మూడూ పన్నెండులోపే చేరతాయి. చేరాక ఆయన ఎటు నడుస్తాడో చెప్పే లెక్క నా దగ్గర లేదు.

ఆఫీసుకి తిరిగి వచ్చి, మూడు ఊళ్ళలోనూ తెలిసిన లారీ ఆఫీసులకి ఫోన్ చేశాను. తెల్ల పంచె, నీలం చొక్కా, కుడి చెవి దగ్గర పుట్టుమచ్చ. బస్టాండులో చూసి చెప్పమని బతిమాలాను. అమ్మమ్మ మాత్రం బల్ల పక్కన కుదురుగా కూర్చుని, ఎవరో ఒకరు నంబరు అడగరా, ఆయన చెప్పడా అంటోంది.

నాకూ కాస్త ధైర్యం వచ్చింది. ఎలా చెబుతాడో ఒకసారి చెప్పమన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని, మొదటి తొమ్మిదికి "కో..." అని మొదలుపెట్టి గడగడా చెప్పుకుపోయింది. పది అంకెలూ బర్మాలోనే.

బస్టాండులో అది ఎవరికి అర్థమవుతుంది? తెలుగులో ఎందుకు నేర్పలేదని గట్టిగానే అడిగాను.

"తెలుగులో నాలుగంకెలు కాగానే తప్పుతన్నాడే. ఇలాగైతే ఒక్క రోజూ తప్పనేదు. నంబరు రావాలన్నావు గానీ, ఏ బాసలోనో సెప్పినావా?"

చెప్పలేదు. ఆ మాట నిజం.

పదకొండున్నరకి పాలకొండ నుంచి లేడన్నారు. పావు తక్కువ పన్నెండుకి బొబ్బిలి నుంచీ అదే మాట. సాలూరు ఫోన్ ఎత్తలేదు. పన్నెండయింది. పన్నెండూ పదయింది. సంచిలోని రొట్టెల వైపు చూడకుండా ఉండటానికి గోడ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు సాలూరు బుకింగ్ కుర్రాడు చేశాడు.

"అక్కా, నీలం చొక్కా ముసలాయన ఒకడున్నాడు గానీ, మీ తాత కాడేమో. పిచ్చోడిలాగున్నాడు. టీ కొట్టుకాడ కనపడినోడికల్లా లే, లే అంటన్నాడు. బెంచీ మీదున్నోళ్ళంతా లేసిపోయి ఆయన్నే కూకోబెట్టారు. కూకున్నా అదే మాట. ఇంకెవుల్ని లేపమంటాడో ఏటో."

ఫోన్ స్పీకర్లో ఉంది. అమ్మమ్మ లేచి నిలబడింది.

"లేవమనడం కాదురా. లే అంటే నాలుగు," అంది. తర్వాత నా వైపు తిరిగి, "నీ నంబరు ఆఖర్ని రెండూ నాలుగులే గదే," అంది.

ఆయన చేతులు వణుకుతున్నాయా అని అడిగాను. వణుకుతున్నాయన్నాడు. చొక్కా తడిసిపోయిందన్నాడు. టీ ఇస్తే తోసేశాడట. బన్ను పెడితే నోరు తిప్పేసుకున్నాడట. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమన్నాను. నేను తాతా అని పిలిస్తే ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. అమ్మమ్మ ఫోన్ లాక్కుని, "కో," అంది.

అటునుంచి సన్నగా రెండో అంకె వచ్చింది. మూడోది వచ్చింది. మధ్యలో ఆగిపోతే ఆవిడ అందించలేదు, కాచుకుంది. చివరి రెండూ చెప్పేదాకా ఆగి, అప్పుడు మామూలు గొంతుతో, పంచదార ఎక్కువేయించుకుని ఆ టీ తాగమని తెలుగులో చెప్పింది. తాగుతున్నాడక్కా, అన్నాడు అటునుంచి కుర్రాడు. బన్ను కూడా తిన్నాడని చెప్పేదాకా నేను ఫోన్ పెట్టనివ్వలేదు.

నేనూ అమ్మమ్మా సాలూరు వెళ్ళేసరికి తాత ఇంకా ఆ బెంచీ మీదే ఉన్నాడు. ముఖం తేటపడింది. కోపంగా ఉన్నాడు.

"ఇరవైసార్లు సెప్పాను," అన్నాడు. "ఒక్కడికీ లెక్క రాదు."

తిరుగు బస్సులో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. తెలుగులో నేర్పే ఆలోచన మానేసి, మర్నాడు పొద్దున్నే ఆయన బనీనుకి నంబరు కుట్టేయాలని నిర్ణయించుకున్నాను. గుడ్డ మీద అంకెలు కుట్టగలను గానీ, ఈసారి ఆయన నాకే ఫోన్ చేసి ఏదైనా చెబితే నాకేం అర్థమవుతుంది? ఒకటిని బర్మాలో ఏమంటారో అడిగాను. అనుమానంగా చూసి చెప్పాడు. రామభద్రపురం దాటేసరికి ఐదు దాకా వచ్చాను. ఐదు పలకడం నా నాలుకకి కుదరలేదు, అది ముక్కులోంచి రావాలి. మూడుసార్లు తప్పుగా అన్నాను. తాత నా మోకాలి మీద తట్టి, మళ్ళీ ఒకటి నుంచి చెప్పమన్నాడు.