ఇంటికి ఒక్క పనే

మా కేంద్రాన్ని కొత్త భవనంలోకి మార్చినప్పుడు పాత బల్ల ఎవరికీ అక్కర్లేదన్నారు. ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు దాని మీదే అన్నం తింటున్నాను. దానికి ఒక కాలు పొట్టి. కింద మడిచి పెట్టిన అట్టముక్క నా భార్య పెట్టింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మేమిద్దరం భద్రాచలంలో ఒకే చోట పనిచేశాం. వయసుకు తగ్గట్టు ఎదగని చిన్నపిల్లలను తొందరగా గుర్తించి, కూర్చోవడం, నిలబడటం, మాట్లాడటం నేర్పే కేంద్రం అది. ఆమె ఫిజియోథెరపిస్టు. నాది మాట నేర్పే పని. ఆమెది తల్లాడ వైపు, నాది వైరా. మా ఊళ్ల మధ్య పెద్ద దూరం లేకపోయినా మేం కలుసుకున్నది మాత్రం ఇక్కడే.

మొదట్లో కేంద్రంలో ఎవరి గది వారిది. పిల్లల డాక్టరు ఒక చీటీ రాసేవాడు. చెవి పరీక్ష చేసే అమ్మాయి ఒకటి, నా భార్య ఒకటి, నేను ఒకటి. పినపాక అవతలి గూడేల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, చంకలో బిడ్డతో నాలుగు గదులూ తిరిగి నాలుగు చీటీలు తీసుకుని వెళ్లేది. ఒకసారి గూడెంలో అలాంటి ఒక తల్లి ఇంటికి వెళ్తే, మా చీటీలన్నీ చూరులో వరసగా చెక్కి ఉన్నాయి. ఒక్కటీ నలగలేదు. ఆ తల్లి వాటిని అంత భద్రంగా దాచింది. వాటిలో చేయమన్నవి మాత్రం ఏవీ చేయలేదు.

తిరుగు బస్సెక్కాం. సారపాక దగ్గర పడ్డాక నా భార్య అంది:

"పొద్దుగాల లేస్తే ఆమెకు పదారు పనులున్నయ్. మనం ఇంకో ఇరవై ఇచ్చినం. నువ్వైతే చేస్తవా? చెప్పిన కూరగాయలే తేవు."

ఆ తరువాతే గురువారం బల్ల మొదలైంది. ఆ రోజు అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. బిడ్డ పక్కనే చాప మీద ఉండేది. తల్లి మాత్రం మాతో పాటు కుర్చీలోనే కూర్చోవాలి. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు వీలైతే వచ్చేది, లేకుంటే ఫోన్‌లో మాట్లాడేది. అందరూ చెప్పవలసింది చెప్పాక, అన్నీ కలిపి ఒక్క పని తేల్చాలి. తల్లి ఇంటికి తీసుకెళ్లేది అదొక్కటే. అది కూడా ఆమె రోజూ చేసుకునే పనిలోనే ఇమిడిపోవాలి.

"నాది కొట్టేసిన్రు. గిట్లైతే ఎట్ల మేడం?" అని డాక్టరు అడిగాడు.

"మీది వచ్చే నెల సార్. లైన్ల నిలబడున్రి."

అప్పుడే ఒక పాప మా దగ్గరికి వచ్చింది, దానికి రెండున్నరేళ్లు. పట్టుకుంటే నిలబడేది. ఒక్క మాటా లేదు. చెవులు బాగానే ఉన్నాయని పరీక్షలో తేలింది. తండ్రి మిర్చి తోటల్లో కూలికి వెళ్లేవాడు. తల్లికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మొదటి రోజు కుర్చీ అంచున కూర్చుని, నా భార్యను ఒక్కటే అడిగింది.

"నడవకున్నా ఎత్తుకుంట మేడం. నన్ను పిలుస్తదా?"

అది ఇప్పపువ్వు రాలే కాలం. ఆమె తెల్లవారకముందే పువ్వు ఏరుకొచ్చి వాకిట్లో ఎండబెట్టేది. ఆ రోజు బల్ల దగ్గర తేలిన పని ఇది: గంప పక్కన పాపను నిలబెట్టాలి. పాప ఒక చేత్తో గంప అంచు పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో పువ్వూ అందుకుని లోపల వేయాలి. తల్లి పక్కనే ఉండి మాట్లాడుతూ ఉండాలి. కాళ్లకూ వేళ్లకూ మాటకూ కలిపి ఒకటే పని. నాకు కూడా నచ్చింది.

అయినా ఆమె బస్సుకు బయలుదేరుతుంటే నేను వరండాలో ఆపాను.

"ఇంట్ల ఏం మాట్లాడతరు?"

"మా కోయ మాటే సార్."

"ఇగ తెలుగే మాట్లాడున్రి. రెండు భాషలైతే పాప గందరగోళం పడ్తది."

"అవ్ సార్" అంది.

అలాగని ఎక్కడో చదివాను. తరువాత వెతికితే ఎక్కడ చదివానో దొరకలేదు. నేను నా పుస్తకాలను నమ్మే మనిషిని. ఆ మాట బల్ల దగ్గర అని ఉంటే నా భార్య ఆపేది. బహుశా అందుకే వరండాలో అన్నాను.

మూడు వారాలకు మేమిద్దరం ఆ పాప వాళ్ల గూడేనికి వెళ్లాం. ఆ ప్రయాణాలే ఇప్పుడు ఎక్కువగా గుర్తొస్తాయి. గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కగానే ఆమె టిఫిన్ డబ్బా తెరిచేది. మణుగూరు దాకా బొగ్గు లారీల వెనక నెమ్మదిగా వెళ్లేవాళ్లం. కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే. ఒక్కసారీ నాకిస్తానని అనలేదు, నేనూ అడగలేదు.

వాకిట్లో పువ్వు ఆరబోసి ఉంది. పాప గంప పట్టుకుని నిలబడి ఉంది. ముందుకన్నా గట్టిగా నిలబడుతోంది. తల్లి పక్కనే కూర్చుని పువ్వు తిరగేస్తోంది. ఆమె నోట మాట లేదు. మేం వచ్చాక కూడా పాపకేసి చూసి "పువ్వు" అంది. కాసేపటికి మళ్లీ "పువ్వు" అంది. అంతే.

నా భార్య వెళ్లి, చూరు కింద ఉన్న పాప నానమ్మ పక్కన కూర్చుంది. "ఏందమ్మా, కోడలు అలిగిందా?"

ముసలమ్మ నాకేసి చెయ్యి చూపించింది. "నీ సారే చెప్పిండంట బిడ్డా, మా మాట మాట్లాడొద్దని. దానికి తెలుగు నాలుగు ముక్కలొస్తయ్. నాలుగూ అయిపోయినంక ఏం మాట్లాడతది? ముందైతే పాడేది గూడ."

నా భార్య నన్ను చూసింది. నీళ్ల కుండ దాకా నడిచి, నేను వెనక వచ్చాక మెల్లగా అంది.

"మాట నేర్పేటోనివి, ఇంటిల్లిపాదికి మాట బంద్ పెట్టినవ్. పో. నువ్వే చెప్పు."

తల్లి ముందు గొంతుక్కూర్చున్నాను. నేను చెప్పింది తప్పని, మీ మాటే మాట్లాడమని, పాడమని అన్నాను. ఆమె చేతులు పువ్వులో ఆగిపోయాయి.

"మళ్ల వచ్చి మారుస్తరా సార్?"

"మార్చను."

"మారిస్తే నాకు చెప్పు చెల్లె. ఇంట్ల అన్నం బంద్ పెడ్త" అంది నా భార్య.

ముసలమ్మ నవ్వింది. "మీరు చెప్పుడు, మేం నేర్చుకునుడేనా? గీడ కూసో సారూ" అని, నీళ్లకు, పువ్వుకు, కోడికి, రమ్మనడానికి, ఇమ్మనడానికి తమ మాటలు నాతో అనిపించింది. నేను తడబడినప్పుడల్లా తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప గంప వదలకుండా నన్నూ, తల్లినీ మార్చి మార్చి చూసింది. తల్లి దానితో ఏదో చాలా పొడుగ్గా చెప్పింది. మూడు వారాల్లో అదే మొదటిసారట.

వానలు మొదలయ్యాక ఒక గురువారం వాళ్లు వచ్చారు. పాప బల్ల కాలు పట్టుకుని నిలబడింది. బల్ల ఊగుతోందని నా భార్య మందుల అట్టపెట్టె చింపి మడిచి కాలి కింద పెట్టింది. తల్లి మందులు తీసుకోవడానికి వరండా చివరికి వెళ్లింది. పాప తలుపు వైపు చూసింది. పెదవులు కదిపింది, గొంతు రాలేదు. ఇంకోసారి చూసి, తమ భాషలో అమ్మను పిలిచింది.

డాక్టరు రాయడం ఆపాడు. పాప ఈసారి గట్టిగా పిలిచింది. వరండా చివర తల్లి చెయ్యి చాపి అలాగే నిలబడిపోయింది. పరుగెత్తుకు రాలేదు. అక్కడి నుంచే బదులు పలికింది, ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి పలికినట్టు. పాప మళ్లీ పిలిచింది. ఆమె మళ్లీ పలికింది.

నేను కాగితం ముందుకు లాక్కున్నాను. తరువాత నీళ్లు అడగటం నేర్పాలి, దానికేం చెయ్యాలో నా దగ్గర ఉంది. నా భార్య ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఇయ్యాల పనేం లేదు. పోనియ్యి, వాళ్ల బస్సు పోతది."

ఇద్దరం కిటికీలోంచి చూశాం. తల్లి పాపను చంకనెత్తుకుని, కొంగు కప్పి, వానలో గేటు వైపు నడుస్తోంది. పాప, మొహానికి అంత దగ్గరగా ఉన్న తల్లినే పిలుస్తోంది. ఆమె ప్రతిసారీ పలుకుతోంది.