నడక కన్నా ముందు

మా సందు వెనకాల ఆడపిల్లల బడి ఉంది. పొద్దున ఆటల పీరియడ్‌లో విజిల్ వినిపిస్తే, చేతిలో ఏ పని ఉన్నా నా వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది. నిజానికి కౌసల్య టీచర్ ఆ బడిలో ఎన్నడూ పనిచేయలేదు. చుట్టుపక్కల ఊళ్లలోని ప్రభుత్వ బడుల్లో ఆటల టీచరుగా చేసి, రిటైరయ్యాక వరంగల్ మట్టెవాడలో మా పక్కింట్లో ఒంటరిగా ఉండేది. అయినా ఆ విజిల్ విన్నప్పుడల్లా ఆమే కళ్లముందుకొస్తుంది. నూలు చీర, కాళ్లకు తెల్లటి కాన్వాస్ బూట్లు, ఎదుటివాళ్లు అబద్ధం చెబుతుంటే అడ్డుకోకుండా చివరిదాకా వినే ఓపిక.

ఆ రోజుల్లో నా తమ్ముడు శ్రీను రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ మీద ఉన్నాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో గుమాస్తాగిరీ మానేసి, హన్మకొండకు వచ్చిపోవడమే వాడి పని అయింది. అమ్మకు ఎప్పటినుంచో షుగర్, నాన్న లేడు. కిడ్నీ ఇవ్వగలిగింది నేనొక్కదాన్నే. పరీక్షల్లో నా కిడ్నీ వాడికి సరిపోతుందని తేలినప్పుడు ఇద్దరం ఆసుపత్రి వరండాలో చేతులు పట్టుకుని కూర్చున్నాం. కానీ హైదరాబాదులో డాక్టరు నా కాగితాలు చూసి కళ్లద్దాలు తీశాడు. "మీ బరువు చాలా ఎక్కువ ఉందమ్మా. షుగర్ కూడా అంచు మీద ఉంది. ఇలా ఉంటే మీకే ప్రమాదం. తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఎన్నాళ్లు ఆగవచ్చని అడిగాను. "ఆయన ఒంటినిబట్టి" అన్నాడు. పక్కనే ఉన్న శ్రీను నా వైపు చూడలేదు. చేతికున్న ప్లాస్టర్ అంచును గోరుతో గీకుతూ ఉండిపోయాడు.

మా ఆయన రమేష్ స్టీలు సామాన్ల దుకాణం నడుపుతాడు. నెమ్మదైన మనిషి. కిడ్నీ ఇవ్వడానికి అడ్డు చెప్పలేదు గానీ ఒక మాట అన్నాడు. "మా అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఆగమాగం చేస్తది. ఆపరేషన్ దగ్గరపడ్డంక నేనే చెప్త." నాకూ అదే నయమనిపించింది.

బరువు తగ్గడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఫోన్‌లో చూస్తే ఒకరు ముందు తిండి అన్నారు, ఇంకొకరు ముందు వ్యాయామం అన్నారు. నేను వ్యాయామమే ఎంచుకున్నాను. తెల్లవారగానే ఖిలా వరంగల్ దాకా స్కూటీ మీద పోయి, ఆ రాతి తోరణాల చుట్టూ నడవడం, నడక చాలదనిపించి పరుగెత్తడం. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వేడివేడి సర్వపిండి పళ్లెంలో వేసి ఉంచేది. "పొద్దుగాల్నే అంత దూరం పోయొస్తానవ్, తిను బిడ్డా" అనేది. తినేదాన్ని. మధ్యాహ్నం నెయ్యి వేసిన ముద్దపప్పు, మారు అన్నం. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. అందుకని తినేదాన్ని. వారాలు గడిచినా బరువు కదల్లేదు, మోకాలు మాత్రం వాచింది. అప్పుడే శ్రీనుకు డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన పైపుకు ఇన్ఫెక్షన్ వచ్చింది. వణుకుతూ జ్వరంతో దవాఖానలో పడ్డాడని అమ్మ ఫోన్ చేసింది. ఆ మర్నాడు నేను కుంటుకుంటూనే ఇంకా గట్టిగా పరుగెత్తాను.

కౌసల్య టీచర్ కూడా అక్కడే నడిచేది. ఆ రోజు నన్ను చెయ్యి పట్టుకుని ఆపింది.

"సరితా, ఎవరు తరుముతాండ్రు నిన్ను?"

నవ్వబోయాను. ఏడుపు వచ్చింది. పచ్చిక మీదే కూలబడి, శ్రీను సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె నా మోకాలు ఒత్తి చూసింది.

"ఏం తినాల్నో దవాఖానల చెప్పలేదా?"

"చెప్పిండ్రు టీచర్."

"మరి?"

"ఇంట్ల అత్తమ్మ వండుతది గదా."

"ఊఁ. నువ్వు ఉరుకుడే ఎందుకు ముందు పెట్టుకున్నవో నాకు సమజైంది. దానికి ఇంట్ల ఎవ్వరికీ ఏం చెప్పక్కర లేదు. బూట్లు తొడుక్కుంటే చాలు. అదే తిండి మార్చాల్నంటే ఇల్లంత మారాలె. నీ మోకాలు వాపు తగ్గి మళ్ల నడకకు లేస్తది, ఫికర్ లేదు. ముందుగాల పళ్లెం చూడు. పళ్లెం కన్నా ముందుగాల మీ అత్తమ్మకు చెప్పు."

"ఒద్దంటే?"

"ఒద్దంటదేమో. అయినా చెప్పు. ఆమెకు తెల్వకుండ ఆమె చేతి కూడు ఎట్ల తగ్గిస్తవ్?"

ఆ సాయంత్రం అత్తమ్మ నా పళ్లెంలో అన్నం వడ్డిస్తుండగా గరిటె పట్టుకుని ఆపాను. తలెత్తకుండా చెప్పాను. రమేష్ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గిన్నె మీద మూత పెట్టి, లోపలికి వెళ్లి పడుకుంది. తర్వాత నాలుగైదు రోజులు మాతో మాట్లాడలేదు, సరిగా తినలేదు. పొయ్యి నేనే వెలిగించుకున్నాను. తమ్ముడి కోసం ఈ ఇంట్లో చిచ్చు పెట్టానా అని గుబులు. రమేష్ ముఖం చూస్తే అతనూ తల తిప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం కౌసల్య టీచర్ పిలవకుండానే వచ్చి వంటింటి గడప దగ్గర పీట వేసుకుంది.

"వదినా, ఆకలైతాంది. జర ఏమన్న పెట్టు."

అత్తమ్మ లేచి వచ్చి వడ్డించింది. పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి అంది, "మా చెల్లెకు చిన్న ఆపరేషనే అన్నరు టీచరమ్మా. నడుచుకుంట లోపలికి పోయింది. మళ్ల లేవలేదు. ఇప్పుడు నా కోడలు నడుచుకుంట పోతాంటె నేనెట్ల చూడాలె? నేను సన్నగ చేసి పంపితే, నా చేతుల్తోని పంపినట్టు గాదా?"

ఇన్నేళ్లలో ఆ చెల్లెలి సంగతి ఆమె నోట నేను వినలేదు. టీచర్ ఏదో ధైర్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"భయం పోవాల్నని నేనంటలేను వదినా. నాకూ భయంగనే ఉంది. భయపడుకుంటనే వండు. ఆమె మంచిగుండి లోపలికి పోతే మంచిగ బయటికొస్తది. ఆకలితోని, దొంగతనంగ, కాలు విరగ్గొట్టుకోని పోతే ఏమైతదో ఆలోచించు."

ఆ రోజు అత్తమ్మ నా పళ్లెంలో కొంచెం అన్నం, పక్కన బోలెడంత బీరకాయ కూర పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను తింటున్నంతసేపూ ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మర్నాటినుంచి ఇంట్లో అందరికీ ఒకటే వంట. మోకాలు నెమ్మదించాక టీచర్ నన్ను తన నడకలో కలుపుకుంది. పరుగెత్తనిచ్చేది కాదు. "మాట్లాడుకుంట నడువొస్తాందా? అయితే సరిపాయె" అనేది.

అవి తేలికైన నెలలు కావు. శ్రీను రెండోసారి కూడా జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. బరువు కొంత దిగి ఆగిపోయినప్పుడు, ఇక కాదేమోనని ఒక పూట అన్నం ముట్టలేదు. అత్తమ్మే తిట్టి తినిపించింది. చివరికి డాక్టరు కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఇప్పుడు తీసుకోవచ్చు" అన్నప్పుడు నేను ముందుగా అత్తమ్మకే ఫోన్ చేశాను. ఆపరేషన్ రోజు అత్తమ్మ హైదరాబాదు రాలేకపోయింది. టీచర్ ఆమెను విడవకుండా పగలంతా మా ఇంట్లోనే ఉందట. రమేష్ ఫోన్ చేసేదాకా ఇద్దరూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదట.

శ్రీను ఇప్పుడు మళ్లీ మార్కెట్‌కు పోతున్నాడు. బస్తాలు ఎత్తొద్దని పక్కవాళ్లే కాపలా కాస్తారు. కౌసల్య టీచర్ మాత్రం పోయిన వానకాలం నిద్రలోనే వెళ్లిపోయింది. ఆమెకు గుండె జబ్బు ఉందని నాకు తెలియదు. అత్తమ్మకు తెలుసు. ఉప్పు తక్కువ వేసిన కూర టిఫిన్ డబ్బాలో పెట్టి రోజూ పక్కింటికి ఇచ్చి వచ్చేది. నేను అది అలవాటు అనుకున్నాను. "నాకు చెప్పిందిగానీ, నీకు చెప్పద్దన్నది. తెలిస్తే నువ్వు తన కోసం దవాఖానల పొంటి ఉరుకుతవని భయపడ్డది" అంది అత్తమ్మ. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చెప్పమని నేర్పిన మనిషి నాకు చెప్పకుండా పోయింది.

కిడ్నీ ఇచ్చినవాళ్లు ఏటేటా పరీక్షలు చేయించుకోవాలి. ఈసారి బీపీ కొంచెం ఎక్కువుందన్నారు. బస్సులో వస్తూ, రెండు రోజులు చూసి చెబుదాంలే అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. చెప్పులు విడిచి, ఆమె ఎదురుగా కూర్చుని, నేనూ ఒక గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకున్నాను.

"అత్తమ్మా, ఒక మాట చెప్పాలె" అన్నాను.