తమ్మునికి టిప్పు యాడన్నా ఇస్తారా?

ఓడ మునిగిన కతలు మీరు శానా విని ఉంటారు. ఇది ఓడ మునగని కత. ఓడ బాగానే ఉండాది. మూడు పూటలా అన్నం పెడతా, దాని పాటికి అది తేల్తాండాది. మునిగింది నేనొక్కన్నే. అదీ నీళ్లలో కాదు, నా మర్యాదలో నేనే మునిగినా. నీళ్లలో మునగల్లంటే మా అనంతపురం జిల్లావోళ్లకు అలవాటు యాడుంటాది సామీ, ముందు నీళ్లుండొద్దా?

మాది రాయదుర్గం. జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లకు దారం, జిప్పులు, గుండీలు అమ్మే అంగడి నాది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక దారం కంపెనీవోళ్లు ఆశ పెట్టినారు. ఏడాదంతా వాళ్లు చెప్పినంత సరుకు అమ్మితే మొగుడూ పెండ్లాలను సింగపూరుకు తీసకపోయి, ఆడి నుంచి ఓడలో తిప్పుతామని.

నాకు ఓడ మీద మోజు లేదు. మోజంతా మా ఇంటామె సరోజమ్మది. ఆయమ్మ పుట్టినప్పట్నుంచి సముద్రం చూడలేదు. సముద్రం చూసొచ్చినోళ్లు ఎవురు కనపడినా పట్టుకొని అడిగేది. "యాటిదాకా ఉంటాది? అవతలి గట్టు కనపడదా? నిజ్జంగానా?" నేను అంగట్లో కునుకు తీస్తే ఇంట్లోంచి కేకేసేది, "దారం అమ్ముపో, నా సముద్రం ఎండిపోతాంది!" అని. ఓడలో కట్టుకునేదానికని ధర్మవరం పోయి నీలం పట్టుచీర గూడా తెచ్చుకున్నది. సముద్రం రంగంట. సముద్రం చూడకుండానే రంగు ఖాయం చేసేసింది.

దారం అమ్మితి. టికెట్లు వచ్చె. ప్రయాణం ఇంక రెండు నెలలుందనగా ఆయమ్మకు జరం వచ్చింది. ఆసుపత్రికి పోయింది, మళ్ల ఇంటికి రాలేదు.

కర్మ అయిపోయినాక ట్రావెల్సు ఆయప్పకు ఫోను చేస్తి.

"పేరు మార్చేదానికి గడువు అయిపోయింది సార్."

"మార్చొద్దప్పా. ఆయమ్మ పేరు కొట్టెయ్యి చాలు."

"కొట్టేస్తే క్యాన్సలేషను కిందికి వస్తుంది సార్. వాపసు రాదు. గది ఇద్దరిది. ఒక్కరు పోయినా ఇద్దరి లెక్కే."

"మనిషే లేదు గదప్పా?"

"రూలు అట్లుంది సార్. డ్రింకు ప్యాకేజీ కూడా అంతే. ఒక గదిలో ఒకరు తీసుకుంటే రెండోవాళ్లూ తీసుకోవాల్సిందే. ఆ కూపన్లు కూడా మీకే ఇచ్చేస్తాం."

యముడు గూడా మాకు ఇంత పక్కాగా రూల్సు చెప్పలేదు. వచ్చినాడు, తీసకపోయినాడు.

నేను పోనంటి. మా అన్న ఒప్పుకోలేదు. "ఆయమ్మ చూడల్లనుకున్నది. నువ్వన్నా చూసి రాపో. ఇంట్లో కూర్చోని గోడలతో మాట్లాడితే అవి బదులు చెప్తాయా?" అన్నాడు. పెట్టె సర్దుకుంటా సర్దుకుంటా ఆ నీలం చీర గూడా లోపల పెట్టుకుంటి. ఎందుకంటే నన్నడగొద్దండి. నాకే తెలీదు.

ఓడ ఎక్కితే ఏముండాది? యాడ చూసినా జంటలే. డీలర్లంతా పెండ్లాల పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటాండారు. భోజనాల బల్ల కాడ నా పక్క కుర్చీ ఖాళీ. ఎవురన్నా వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారేమోనని భయపడి దాని మీద నా సంచి పెట్టుకుంటి. ఎవురూ అడగలేదు. అది ఇంకా కష్టంగా ఉండె.

ఇంక కూపన్లు. నేను మందు తాగను. నిమ్మకాయ సోడా ఒక్కటే నాకు తెలిసింది. ఇద్దరి కూపన్లూ నా కాడే ఉంటే, ఆయమ్మవి ఊరికే పోనిస్తానా? కరువు సీమలో పుట్టినోన్ని, తాగేది పారబోస్తే కండ్లు పోతాయని పెరిగినోన్ని. పొద్దున రెండు సోడాలు, మధ్యాన్నం రెండు, మాపటేళ రెండు. ఎదురుగా ఒక గ్లాసు పెట్టుకొని నాది తాగేది, మళ్ల ఆ గ్లాసు గూడా నేనే తాగేది. రెండోనాటికి నా కడుపు బుడబుడకలవోని డమరుకం మాదిరి మోగింది. కడుపు లోపల ఒక సముద్రం, ఓడ బయట ఒక సముద్రం.

గదిలో రెండు మంచాలు. గది సర్దేదానికి రమోన్ అని ఒకాయన. ఫిలిప్పీన్సు మనిషి, నాకంటే కొంచెం చిన్నోడు, గుండ్రటి మొకం, ఎప్పుడూ నగుతా ఉంటాడు. ఆయప్పకూ నాకూ మొదటి పొద్దే యుద్ధమాయె. కారణం నీళ్లు.

మా ఊర్లో కొళాయి ఎప్పుడొస్తాదో దేవునికే తెలీదు. వచ్చినప్పుడు ఇంట్లో ఉండే బిందె, గిన్నె, ప్రతి ఏనమూ నింపి పెట్టుకోవల్ల. ఓడలో కొళాయి తిప్పితే చాలు, దబదబా వస్తాండాది! ఇంత ధారాళంగా వచ్చేది ఎన్నాళ్లు వస్తాదప్పా, మాపటికి ఆపేస్తారు అనుకొని, గదిలో ఉండే గ్లాసులు, ఐసు డబ్బా, పూల కుండీ, చివరికి చెత్త బుట్ట గూడా కడిగి నింపి పెట్టి, పైన తువ్వాళ్లు కప్పితి. నేను తిండికి పోయొచ్చేసరికి రమోన్ అన్నీ పారబోసినాడు. మళ్ల నింపితి. మళ్ల పారబోసినాడు. మూడోసారి తలుపు కాడ ఇద్దరమూ ఎదురుపడితిమి. నేను కొళాయి చూపిచ్చి, ఆకాశం చూపిచ్చి, రెండు చేతులూ ఇట్ల ఖాళీగా ఇప్పి చూపిస్తి. నా చేతులకల్లా శానాసేపు చూసినాడు. మర్నాటి నుంచి ఆయప్పే ఐసు డబ్బా నింపి, మూత పెట్టి, నా తలాపున పెట్టి పోయేవాడు.

అట్ల స్నేహమాయె. రెండో మంచం గూడా రోజూ పరిచి, తువ్వాలుతో కుందేలు చేసి దాని మీద కూర్చోబెట్టేవాడు. "మేడమ్?" అని అడిగినాడు ఒకసారి. నేను పైకి చూపిస్తి. పై అంతస్తు అనుకుంటాడేమోనని, ఇంకా పైకి చూపిస్తి. ఆయప్ప నగు ఆగిపాయె. అట్లే నా ఎదురుగా కూర్చోని, జేబులోంచి ఆయన పెండ్లాం ఫోటో తీసి చూపిచ్చినాడు. ఆయమ్మను చూసి శానా నెలలైందంట. రెండో మంచం పరిచేది మాత్రం మానలేదు.

నేను ఆయప్పకు ఒక్క మాట నేర్పిస్తి. "తింటివా అన్నా?" అని. మా తట్టు పలకరింపంటే అదే గదా. సరోజమ్మ పోయినాక నన్ను ఆ మాట అడిగినోళ్లు లేరు. అంగడికి వచ్చినోళ్లు జిప్పుల ధర అడుగుతారు గానీ, నేను తింటినా పస్తున్నానా అని ఎవురడుగుతారు? రమోన్ మాపటేళ తలుపు తట్టి, మొకమంతా నోరు చేసుకొని "తింతివా అన్నా?" అనేవాడు. దానికోసరమే నేను ఐదు గంటలప్పట్నుంచి గదిలో కూర్చోని ఎదురుచూసేది. సిగ్గు ఇడిచి చెప్తాండా, ఎదురుచూసేది.

ఇంక చూడండి, నా నాశనం యాడ మొదలైందో. మా గుంపులో వెంకటేశం శెట్టి అని హిందూపురం డీలరు. అన్నీ తనకే తెలుసనే రకం. ఆయప్ప వచ్చి చెవులో ఊదినాడు.

"నాగభూషణం, నీ లెక్క చూస్తివా? మనల్ని అడక్కుండానే రోజుకింతని టిప్పు రాసేస్తాండారు, గది సర్దేవోనికని!"

"ఎవురికి? రమోన్‌కా?"

"ఎవునికైతే ఏమప్పా. కౌంటర్లో అడిగితే తీసేస్తారు. నేను తీయిచ్చేసినా."

నాకు కోపమొచ్చె. దుడ్లకు కాదు సామీ, ఒట్టు. "తింటివా" అని అడిగినోనికి చేతిలో దుడ్లు పెట్టేదా? మా ఇండ్లల్లో అట్ల పెడితే చెప్పు తీసుకొని కొడతారు. అయినోనికి బట్టలు పెడతాం గానీ బక్షీసు ఇస్తామా? నేరుగా కౌంటరు కాడికి పోతి. ఆడ హిందీ వచ్చిన పిల్ల ఒకామె ఉండె. నా రాయదుర్గం హిందీని ఓపిగ్గా ఇనింది.

"సర్వీసు బాగాలేదా సార్?"

"అయ్యో, బంగారమమ్మా."

"మరి ఎందుకు తీసెయ్యమంటారు?"

"తమ్మునికి టిప్పు యాడన్నా ఇస్తారా?"

ఆ పాప నా లెక్క తెరిచి, "తీసెయ్యమంటారా, ఉంచమంటారా?" అనె.

"తీసెయ్యి. నా తమ్ముని సంగతి నేను చూసుకుంటా!" అని, ఎకరా చేను రాసిచ్చినోని మాదిరి రొమ్ము ఇరుచుకొని వస్తి.

మాపటేళ బట్టలు పెట్టేదానికి అన్నీ సిద్ధం చేస్తి. తమలపాకులు ఓడలో యాడ దొరుకుతాయి? భోజనాల కాడ ఏదో పచ్చాకు, క్యాబేజీ ఆకు మాదిరిది ఉండె, అవి రెండు తెస్తి. రెండు అరటిపండ్లు. సోడాలోకి కోసే నిమ్మకాయ ఒకటి. కుంకుమ లేదు. టమాటా సాసుకల్లా చూస్తి గానీ మనసొప్పలేదు. తట్టలో మా ఊరి జీన్సు ప్యాంటు ఒకటి పెడితి. దాని మీద, ఆయన పెండ్లానికని, నీలం పట్టుచీర పెడితి. ఆ చీర పెట్టేటప్పుడు చెయ్యి రవ్వంత ఆగింది. ఆగినా పెడితి.

రమోన్ వచ్చినాడు. నగు లేదు. రెండో మంచం మీద కూర్చోబెట్టి, తట్ట చేతికిస్తి. తట్టకల్లా చూసినాడు, నాకల్లా చూసినాడు, కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"సార్, నేను ఏం తప్పు చేసినా?" అని ఇంగ్లీషులో అడిగినాడు.

చూస్తిరా ఎంత మంచోడో అనుకుంటి! మా ఊర్లో గూడా ఆడబిడ్డలకు బట్టలు పెడితే "నేనేం చేసినానన్నా నాకింత పెడతాండావు" అని ఏడుస్తారు గదా. ఇదీ అదే అనుకొని, నేనూ కండ్లు తుడుచుకొని "నో తప్పు, నో తప్పు! టేక్, టేక్!" అని వీపు తడితి. ఆయప్ప తట్ట పట్టుకొని లేచి, "గుడ్ నైట్ సార్" అని తలుపేసుకొని పోయె.

"తింతివా అన్నా" లేదు. "సార్"!

ఆ మాపటేళ నేను తిండికి పోలేదు. ఎవురూ అడగలేదు గదా, ఎందుకు తినల్ల?

పొద్దున్నే శెట్టి ఇంటామె పార్వతమ్మ కనపడి, నా మొకం చూసి "ఏమైందన్నా?" అనె. చెప్తి. ఆయమ్మ నెత్తి కొట్టుకునె.

"అన్నా, అది టిప్పు కాదన్నా! ఈ ఓడల్లో వాళ్లకు జీతం లెక్క అదేనంట. మా గది తుడిచే ఆయమ్మ చెప్పె. దాన్ని నువ్వు తీయిచ్చినావంటే పని బాగలేదని ఫిర్యాదు చేసినట్లే. పైవోడు పిలిచి తిట్టుంటాడు ఆ మనిషిని. మా ఆయన గూడా తీయిస్తే నేను గొంతు పట్టుకొని మళ్ల రాయిస్తి!"

పక్కనే శెట్టి ఇడ్లీకల్లా చూస్తా కూర్చోనుండాడు. ఏరు దాటినాక బోడి మల్లయ్య అంటారు గదా, నేను నడి సముద్రంలోనే బోడి మల్లయ్యను చేసేస్తి నా తమ్మున్ని. ఒక చేత్తో కూటిలో మన్ను పోసి, ఇంగో చేత్తో పట్టుచీర పెడితి!

లుంగీ మీదనే కౌంటరు కాడికి పరిగెత్తితి. "రాయమ్మా, బిరీన రాయి! ఫిర్యాదు లేదు, గిర్యాదు లేదు. బంగారమని రాయి, వాళ్ల పైవోనికి ఫోను చేసి చెప్పు!"

ఆ పాప నగి, "సరే సార్. ఒకరికి రాస్తున్నా" అనె.

"ఇద్దరికి."

"మేడమ్ ఓడ ఎక్కలేదు గదా సార్?"

"ఎక్కింది తల్లీ. ఆయమ్మ మంచం గూడా ఆయన రోజూ పరిచినాడు. ఇద్దరికీ రాయి."

ఆ పాప ఇద్దరికీ రాసింది.

వరండాలో రమోన్ బండి తోసుకుంటా ఎదురొచ్చె. క్షమాపణకు నా కాడ ఇంగ్లీషు లేదు. ఇంగేం చేసేది? రెండు చెవులూ పట్టుకొని, వినాయకుని ముందర తీసినట్ల గుంజీలు తీస్తి. లుంగీలో! తలుపులు తెరిచి జంటలన్నీ చూస్తాండాయి. పార్వతమ్మ లెక్క గూడా పెడతాంది. రమోన్ మొదట బిత్తరపోయి, మళ్ల నన్ను భుజాలు పట్టుకొని ఆపి, కడుపు పట్టుకొని నగినాడు. నగి, నగి, కండ్లు తుడుచుకొని అడిగినాడు:

"తింతివా అన్నా?"

"లేదప్పా," అంటి. రాత్రి నుంచి తినలేదని వేళ్లతో చెప్తి. బండి ఆడనే ఇడిచిపెట్టి పోయి రొట్టె తెచ్చినాడు. రెండు సోడాలు గూడా తెచ్చినాడు. ఈసారి రెండోది నేను తాగలేదు, ఆయప్పకే ఇస్తి. రూలు ఒప్పుకోదు, మీరు ఎవురికీ చెప్పొద్దండి.

దిగేటప్పుడు నా అంగడి కార్డు ఇచ్చొస్తి. ఏడాది తిరిగినాక అంగడికి ఒక ఫోటో వచ్చె. రమోన్ ఇల్లు. రమోన్ నా జీన్సు ప్యాంటు తొడుక్కొని నిలబడినాడు, అది ఆయప్పకు మోకాళ్ల కాడ ఉబ్బి, మడమల కాడ నేల ఊడుస్తాండాది. పక్కన పెండ్లాం నగుతాంది. నా నీలం పట్టుచీర యాడ అని వెతికితి. ఆయమ్మ ఒంటి మీద లేదు. వాళ్లకు చీర కట్టేది యాడొస్తాది పాపం? జరీ అంచు కనపడేటట్ల కిటికీకి పరదా కట్టినారు!

అంగట్లో ఒక్కన్నే కూర్చోని నగితి. ధర్మవరం పట్టు, కిటికీకి! ఫోటో ఇంకొంచెం దగ్గరికి పెట్టుకొని చూస్తే, ఆ పరదా పక్కన, కిటికీ అవతల సముద్రం. అవతలి గట్టు లేదు. నగు యాడ ఆగిపోయిందో నాకే తెలీలేదు. సరోజమ్మ చీర పొద్దున లేచిన కాడ్నుంచి సముద్రాన్నే చూస్తాంది.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తాండా, ఇనుకోండి. ఈ జన్మలో ఇంగెప్పుడూ ఓడలో ఎవురికీ టిప్పు కొట్టేయించను, పచ్చాకులో బట్టలు పెట్టను, లుంగీ మీద గుంజీలు తీయను. మీరు గూడా ఓడెక్కితే ముందు వాళ్ల జీతం వాళ్లకు పోనీండి, తర్వాత చుట్టరికం కలుపుకోండి. అదట్లుండనీ గానీ, ఇంతసేపూ నా కత ఇంటా కూర్చుంటిరే... తింటిరా?