మంగక్క చెయ్యి

ఎనభైల చివర్లో చిత్తూరు దగ్గర ఓ పాలకేంద్రం ల్యాబులో పనిచేసేదాన్ని. తొట్లలోని పాలకు తోడు వేసే పని మంగక్కది. ఆమెకు భర్త పోయి ఏడాది కూడా కాలేదు.

ఉన్నట్టుండి పెరుగు తోడుకోవడం మానేసింది. తొట్లకు తొట్లు పారబోశాం.

"మొగుడు పోయినదాని చెయ్యి పడితే పెరుగు యాడ తోడుకుంటాదబ్బా?" అన్నాడు మేస్త్రీ. అందరి ముందే ఆమెను పని మాన్పించారు.

ఆమె వెళ్ళిపోయినా పెరుగు తోడుకోలేదు. తిరుపతి నుంచి వచ్చిన శాస్త్రవేత్త పరీక్షించి, తోడులోని బ్యాక్టీరియాకు వైరస్ సోకిందన్నారు. కొన్నాళ్లకు, ఆ వైరస్‌ను తట్టుకునే జన్యువు ఎక్కించిన కొత్త తోడును ప్రయోగంగా తెచ్చి వేశారు. పెరుగు గట్టిగా తోడుకుంది.

ఆ పెరుగు గిన్నెలో పోసుకుని సంబరంగా మంగక్క ఇంటికి పరిగెత్తాను. జబ్బు తోడుకే తప్ప ఆమె చేతిలో ఏ దోషమూ లేదని విడమరచి చెప్పాను. అంతా విని తలూపింది. పొయ్యి మీది పాలు దించి, గోరువెచ్చగా ఆరాక నా ముందుకు జరిపింది.

"నువ్వే తోడెయ్ పాపా. రోజూ పక్కింటామె వచ్చి ఏస్తాది. నేనేస్తే బిడ్డలకి రేపు పెరుగుండదు."

నేనే వేశాను. ఇప్పటికీ మా ఇంట్లో పాలకు తోడు వేసే ప్రతిసారీ, చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడ్డ మంగక్కే కనిపిస్తుంది.