నూకన్న వేసిన జారుముడి

కార్మిక నాయకుడు గణేశ్వరరావుకి మైకు దొరికితే పండగే. దీవిలో తెలుగువాళ్ల పేట అయిన డైరీ ఫార్మ్‌లో ఆ సాయంత్రం జెట్టీ కూలీ మల్లేశు వర్ధంతి సభలో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. సమ్మె రోజుల్లో కలప కంట్రాక్టరు బయటి కూలీలను దింపితే, పని ఆపించబోయిన మల్లేశు మీద దుంగలు పడ్డాయట. కంట్రాక్టరు కుళ్లిన తాడు వాడాడట. ఏటా ఇదే కథ, ఇవే చప్పట్లు.

"నూకన్న భయ్యా, ఆ రోజు సంగతి నువ్వే సునాయించు, అందరికీ వినిపించు," అంటూ అతని మెడలో దండ వేసి మైకు అందించాడు.

నూకన్న మైకు అందుకుని జనం వైపు చూశాడు. మల్లేశు చచ్చిన కోపంలో కంట్రాక్టరు షెడ్డు తగలబెట్టి జైలుకెళ్లొచ్చిన వీరుడని జనం నమ్మకం. షెడ్డు కాల్చింది కోపంతో కాదు, అందులో దాచిన ఆ దుంగల తాడు పోలీసుల కంటపడకూడదని. అది అతనొక్కడికే తెలుసు.

ముందు వరసలో మల్లేశు భార్య కాళమ్మ కూర్చుంది. అబర్డీన్ బజార్లో చేపలమ్మి సరాసరి వచ్చింది, ఖాళీ గంప పక్కనే ఉంది. ఇప్పుడు నిజం చెబితే జనం నూకన్నను బతకనివ్వరు. చెప్పకపోతే వచ్చే ఏడు మళ్లీ దండ.

వేదిక గుంజకి వేలాడుతున్న తాడు అందుకుని నూకన్న ముడి వేశాడు.

"వదినా, ఇది ఏ ముడో సెప్పు."

"జారుముడి. గాలివానొస్తే వల వొదిలీడానికి మనోళ్లు ఏసీది. కొస లాగితే ఊడిపోద్ది."

"ఆ దినం ఓడలోకెత్తే దుంగల మోపుకి నానే ఏసినాను. జెట్టీ కింద డోంగీ పడవలో కూకొని కొస లాగీసినాను. దుంగలు సముద్రంలో పడితే పని ఆగిపోద్దనుకున్నాను. మోపు ఊగి జెట్టీ మీదే పడిపోయింది. అక్కడ మల్లేశున్నాడని నాకు తెల్దు వదినా."

గణేశ్వరరావు మైకు లాక్కోబోయాడు. నూకన్న ఇవ్వలేదు. దెబ్బలకి సిద్ధపడి నిలబడ్డాడు. నిజానికి అతనికి కావలసిందీ అవే.

కాళమ్మ వచ్చి కొస లాగింది. ముడి ఊడి తాడు కింద పడింది.

"ఆడు పని ఆపడానికి ఎల్లనేదు," అంది. "సేయడానికే ఎల్లినాడు. ఇంట్లో బియ్యం నేవు, పిల్లకి జొరం. సమ్మెలో ఎల్లనంటే తిట్టి నానే పంపినాను. ఇన్నేళ్లూ నానే సంపీసినాననుకున్నాను నూకన్నా."

చచ్చినవాడి బరువు తానొక్కడే మోస్తున్నానని నూకన్న ఇన్నాళ్లూ అనుకున్నాడు. తాను నోరు మూసుకున్నందుకే ఈమె కూడా మోసిందని తెలిసి ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికీ సిగ్గేసింది.

కాళమ్మ గంప నెత్తికెత్తుకుంది.

"పద ఠాణాకి. నువ్వు ముందు నడు."

అతను నడుస్తూ మెడలో దండ తీయబోయాడు.

"ఉండనీ," అంది వెనకనించి. "ఠాణావోల్లు కూడా సూడనీ."