వెనకగది స్విచ్చి

మా బాబాయి ఫోటో స్టూడియో మూసేశాక సామానంతా ఇంట్లోకొచ్చి పడింది. ముందుగదిలో స్కానర్, దానికో కంప్యూటర్. వెనకగదిలో ప్రింటర్, దానికింకో కంప్యూటర్. రెండిట్లోనూ విండోస్‌కు బదులు లినక్స్. ముందుగదిలో స్కాన్ చేసిన ఫోటోను అక్కడి కంప్యూటర్లోనే ‘వెనకగది’ అనే ఫోల్డర్లో వేస్తే, అది నెట్‌వర్క్ మీదుగా నేరుగా వెనకగది కంప్యూటర్లోకి వెళ్లిపోతుంది. కుర్చీలోంచి లేవాల్సిన పనే లేదు. అయినా బాబాయి, వెళ్లిందో లేదోనని ప్రతిసారీ లేచి వెళ్లి చూసొచ్చేవాడు.

పిన్నిది ఇంకో చాదస్తం. గదిలోంచి మనిషి బయటికొస్తే చాలు, లోపలున్న స్విచ్చులన్నీ ఆపేస్తుంది. ఫ్యాను, ఇస్త్రీపెట్టె, కంప్యూటర్ అన్న తేడా లేదు.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. మిగిలింది ఒక్కటే ఫోటో. అదీ తడిసి, ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. బాబాయి దాన్ని అద్దంతో సహా స్కాన్ చేసి ‘వెనకగది’ ఫోల్డర్లో వేశాడు. ఆరోజు మాత్రం లేచి వెళ్లి చూడకుండా, అంతటితో ఊరుకోక ఊడదీయబోయాడు. ముఖమంతా పొరలు పొరలుగా లేచిపోయింది.

“కంగారు పడకు తల్లీ, కంప్యూటర్లో భద్రంగా ఉందిగా” అన్నాడు.

ప్రింటు తీద్దామని వెనకగదిలోకి వెళ్తే అక్కడి కంప్యూటర్ ఆపేసి ఉంది. వేశాడు. ఫోల్డర్ తెరిచాడు. ఎవరెవరి ముఖాలో ఉన్నాయి, మా అమ్మ లేదు. ఏం తేడా వచ్చినా ముందు ఆపి మళ్లీ వేయడమే ఆయన వైద్యం. ముందుగదికి పరుగెత్తి అక్కడిదీ ఆపి మళ్లీ వేశాడు. అందులోనూ లేదు.

ఇక మొదలైంది. కేబుల్ మార్చాడు. రూటర్ మార్చాడు. పాస్‌వర్డు మార్చి, దాన్ని మరిచిపోయి, మళ్లీ మార్చాడు. పరీక్షకని మా వంటింటి గోడ ఫోటో పంపితే రెప్పపాటులో వెళ్లింది. గోడకు లేని అడ్డం మా అమ్మకెందుకో అర్థంకాలేదు.

“నువ్వే స్విచ్చి ఆపి ఫోటో పోగొట్టావు” అని చివరికి పిన్ని మీద పడ్డాడు.

“మీ గదుల జోలికి ఇంకెప్పుడైనా వస్తే అడగండి” అంది పిన్ని. అన్నట్టే రాలేదు. కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉన్నాయి. నాకు మాత్రం బాబాయి మీదే ఒళ్లు మండింది. ఆ ఫోటో ఊడదీయమని ఎవరడిగారు?

తర్వాతెప్పుడో ముగ్గురం ఊరెళ్లాం. తాళం వేసేముందు పిన్ని పౌరుషం మరిచిపోయి అన్నీ ఆపేసింది. తిరిగొచ్చాక బాబాయి ముందుగది కంప్యూటర్ ఒక్కటే వేసి, ఫోల్డర్ తెరిచి, కేకేశాడు.

అందులో ఒకే ఒక్క ఫోటో ఉంది. అమ్మ నవ్వుతోంది. నవ్వితే నాకు ఎడమకన్ను చిన్నదవుతుంది. అది ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

“ఉండు, ప్రింటు తీస్తా” అంటూ బాబాయి వెనకగది కంప్యూటర్ వేసి, ఎందుకైనా మంచిదని ముందుదీ ఆపి మళ్లీ వేశాడు. అమ్మ మళ్లీ మాయం. నాకు ఏడుపొచ్చేసింది.

బాబాయి తల పట్టుకుని కూర్చున్నాడు. ఏది ఎప్పుడు ఆపాడో, ఏది ఎప్పుడు వేశాడో వేళ్ల మీద లెక్కపెట్టి అన్నాడు: “ఇది వేసేటప్పటికి వెనకది ఆగి ఉంటే ఈ ఫోల్డర్ ఉత్త ఖాళీ పెట్టె. ఆ పెట్టె ఈ ముందుగది కంప్యూటర్‌దే. ఆరోజు ఫోటో ఇందులోనే పడింది. వెనకది నడుస్తుండగా దీన్ని వేస్తే దాని సరుకొచ్చి దీనిమీద పరుచుకుంటుంది. కిందున్నది కనబడదు. పోలేదు తల్లీ, అడుగున ఉంది.”

అంటే, పిన్ని స్విచ్చులు ఆపడం మానేసినన్నాళ్లూ అమ్మ బయటికి రాలేకపోయింది.

బాబాయి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. “ఏమోయ్, ఒక్కసారి వచ్చి వెనకగది స్విచ్చి ఆపవూ?”

“నాకెందుకండీ మీ గదులు.”

“తప్పు నాదే. నీ చేత్తో ఆపు.”

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆపింది. బాబాయి ముందుగది కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. అమ్మ వచ్చింది. ఈసారి ముందు నకలు తీసి నా పెన్‌డ్రైవ్‌లో వేశాకే ఊపిరి పీల్చుకున్నాడు.

అందరం ముందుగదిలోంచి బయటికొస్తుంటే పిన్ని చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చి మీదికి పోయింది. వెనక్కి తిరిగి తెర వైపు చూసింది.

“కాసేపు ఉండనీలే, అక్కని” అని చెయ్యి తీసేసింది.